పైరగాలి వెంట: విజయనగరం నుంచి పలాస దాకా సైకిలు యాత్ర

మొదటిసారి ఈ యాత్రను మేము తలకిందులుగా చేశాం. పలాసలో రైలు దిగి, సైకిళ్ళు బిగించుకుని, విజయనగరం వైపు బయల్దేరాం. రోజురోజుకూ ఇల్లు దగ్గరవుతుంటే ఉత్సాహం పెరుగుతుందని మా బావమరిది లెక్క. మార్చి నెల. పొద్దెక్కేసరికి నైరుతి నుంచి గాలి లేచింది. ఎవరో ఎదురుగా నిలబడి రొమ్ము మీద చెయ్యి వేసి ఆపుతున్నట్లే ఉంది. కోటబొమ్మాళి దాటాక బావమరిది సైకిలు దిగి, "బావా, మనం సైకిలును తొక్కుతున్నామా, అది మనల్ని తొక్కుతోందా?" అన్నాడు. నరసన్నపేట నుంచి మిగిలిన దారంతా సైకిళ్ళతో పాటు ఒక ట్రాలీ ఆటోలో కూర్చుని వచ్చాం.

మరుసటి ఏడాది అదే దారి, అవే సైకిళ్ళు, అదే బావమరిది. దిక్కు ఒక్కటే మార్చాం. అలసట సగానికి సగం తగ్గింది. అందుకే ఈ యాత్రకు నేను పెట్టే షరతులు రెండే: గాలి వెంట వెళ్ళాలి, ఎండ ముదరకముందే ఆగాలి. కింద రాసినవన్నీ ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

తేదీ ఎంచుకోవడం

పంచాంగంలో వసంతం చైత్రంతో మొదలవుతుంది. సైకిలు తొక్కేవాడి వసంతం మాత్రం మా వైపు అంతకు ముందే వచ్చి, ఉగాది తరువాత తొందరగా వెళ్ళిపోతుంది. ఫిబ్రవరి నడుమ నుంచి మార్చి నెలాఖరు వరకు మంచి కాలం. తెల్లవారుజామున ఇంకా చలి ఉంటుంది, పొలాల మీద పల్చని మంచు ఉంటుంది. మామిడి పూత వాసన దారి పొడవునా వస్తుంది. మెట్టల మీద మోదుగులు ఆకు రాల్చి పూలతో ఎర్రబడతాయి. ఏప్రిల్ వచ్చిందంటే ఉక్క మొదలు. ఉష్ణోగ్రత అంకె చూసి మోసపోవద్దు. సముద్రం పక్కన 35 డిగ్రీలంటే, చెమట ఆరక, లోపలి ప్రాంతాల 40 డిగ్రీలకంటే ఎక్కువగా ఒళ్ళు కుంగదీస్తుంది.

ఈ నెలన్నరలో మూడు జాతరలు పడతాయి. మహాశివరాత్రికి రామతీర్థం, శ్రీముఖలింగం కిటకిటలాడతాయి. ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో డోలోత్సవం జరుగుతుంది. మార్చి రెండవ వారం మొదట్లో అరసవల్లిలో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని వేలమంది చీకటితోనే వరుసల్లో నిలబడతారు. ఆ రోజు మబ్బు పట్టిందా, అందరూ ఉసూరుమని ఇంటికి పోవలసిందే. జనం కావాలనుకుంటే ఆ తేదీలకే వెళ్ళండి, కానీ శ్రీకాకుళంలో గది ముందే చెప్పి ఉంచుకోండి. నన్నడిగితే డోలోత్సవానికి రెండు మూడు రోజుల ముందు బయల్దేరడం మేలు. ఉత్సవం చూడవచ్చు, సాయంత్రం బస చేరడం ఆలస్యమైనా వెన్నెల తోడుంటుంది.

గాలి, గడియారం

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. ఫిబ్రవరి చివరికల్లా మొగ్గు మారి దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. దీన్నే పెద్దలు పైరగాలి అన్నారు. విజయనగరం నుంచి శ్రీకాకుళం, టెక్కలి, పలాస వైపు వెళితే అది వీపు మీద పడుతుంది. ఎదురు వెళితే మా మొదటి యాత్రలా ఉంటుంది. తిరిగి రావడానికి రైలు ఉంది కనుక రెండు వైపులా తొక్కే పట్టుదల అవసరం లేదు.

మార్చిలో మా దగ్గర పొద్దు ఉదయం 6 గంటల ప్రాంతంలో పొడుస్తుంది. తొలివెలుగులో, అంటే 5:45కల్లా పెడల్ మీద కాలు ఉండాలి. 9:30 వరకు హాయిగా తొక్కవచ్చు, 10:30 వరకు ఓర్చుకోవచ్చు. ఆ తరువాత చెట్టు నీడ, భోజనం, నిద్ర. మళ్ళీ 3:30కి లేచి, చీకటి పడేలోగా గమ్యం చేరాలి. ఈ లెక్కన రోజుకు 60, 70 కిలోమీటర్లు అలవాటున్న వారికి కష్టం కాదు. మధ్యాహ్నం ఆగడం సోమరితనమని కుర్రవాళ్ళు అనుకుంటారు. పొలం పనికి వెళ్ళే ఏ రైతునైనా చూడండి, అతని గడియారమూ ఇదే.

ఒళ్ళు సిద్ధం చేసుకోవడం

మనవి మల్లయోధుడు కోడి రామమూర్తి తొడలు కావు. ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. తొలి రెండు వారాలు రోజు విడిచి రోజు 15 కిలోమీటర్లు, తరువాత 25, ఆదివారాల్లో 40. చివరి రెండు ఆదివారాల్లో ఒకసారైనా సామాను కట్టుకుని 60 తొక్కాలి. సామానుతో బ్రేకు పడే తీరు వేరు, మలుపు తిరిగే తీరు వేరు. ఆ సంగతి మొదటిసారిగా హైవే మీద తెలియకూడదు.

సీటు ఎత్తు సరిచూసుకోవడం నడుముకూ మోకాళ్ళకూ పెద్ద రక్ష. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి. మామూలుగా పాదం ముందుభాగంతో తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. పల్లెల్లో చాలామంది సీటు మరీ కిందికి దించి తొక్కుతారు. నాలుగు కిలోమీటర్లకు పరవాలేదు, నలభైకి మోకాళ్ళు పట్టేస్తాయి.

సైకిలు, దాని రోగాలు

దారిలో పెద్ద ఘాట్లు లేవు. గేర్లున్న మామూలు సైకిలు చాలు, గేర్లు లేనిదాని మీద కూడా ఓపికున్నవారు వెళ్ళగలరు. ముఖ్యమైనది టైరు. రేసు సైకిళ్ళ సన్నని టైరు ఈ రోడ్లకు పనికిరాదు, 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. రోడ్డు పక్కకు దిగితే తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు కాచుకుని ఉంటాయి. పల్లేరు కాయ ఒక్కటి చాలు, పడిన తీరు ఎటైనా ఒక ముల్లు పైకే చూస్తుంది.

రెండు విడి ట్యూబులు, అతుకుల డబ్బా, చేతి పంపు, టైరు విప్పే పట్టీలు, ఒక గొలుసు లింకు, నూనె సీసా వెంట ఉండాలి. ఊరూరా సైకిలు షాపులు ఉన్నాయి కదా అనుకోవద్దు. అక్కడ దొరికేవి పాత రకం సైకిళ్ళ ట్యూబులు, పాత రకం వాల్వులు. కొత్త సైకిళ్ళ కొలతలు విజయనగరం, శ్రీకాకుళం దాటితే దొరకడం కష్టం. మీది సన్నని పొడుగు వాల్వు అయితే, బైకు గాలి పట్టే చోట వాడుకోవడానికి చిన్న ఇత్తడి అడాప్టరు కొని దానికే బిగించి ఉంచండి. పరికరం లేకపోయినా ఆ షాపుల మేస్త్రీల చెయ్యి మాత్రం గొప్పది. వంకర పోయిన చక్రాన్ని పుల్లలు బిగించి, కంటితో చూస్తూ సరిచేసిన పెద్దాయనను పొందూరు దారిలో చూశాను.

సామాను ఏడు కిలోలు మించకూడదు. బావమరిది మొదటి ఏడాది ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. రెండు జతల బట్టలు, తువ్వాలు, టోపీ, మందులు, ముందూ వెనకా లైట్లు, హెల్మెట్టు, నీళ్ళ సీసాలు రెండు. వీటితో పాటు ఒక నూలు పంచె తప్పనిసరి. పొట్టి నిక్కర్లతో గుడిలోకి వెళితే బాగుండదు, చాలాచోట్ల రానివ్వరు కూడా. పంచె చుట్టుకుంటే దర్శనం అవుతుంది, చెట్టు కింద పరిస్తే పక్క అవుతుంది, తడిపి మెడకు చుట్టుకుంటే చల్లదనం అవుతుంది. ఆడవారికి చున్నీ ఇదే పని చేస్తుంది. మాతో ఒకసారి వచ్చిన మా చెల్లెలు చెప్పిన మాట ఒకటి చేరుస్తాను: హైవే మీద పెట్రోలు బంకు కనబడితే, అవసరం ఉన్నా లేకపోయినా అక్కడి మరుగుదొడ్డి వాడుకుని కదలాలి. లోపలి దారుల్లో మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో చెప్పలేం.

మొదటి రోజు: విజయనగరం, రామతీర్థం

తొలి రోజు సామాను గదిలోనే ఉంచి, కాళ్ళు సాగదీయడానికి 30 కిలోమీటర్లే తొక్కాలి. తెల్లవారుతూనే నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్ళండి, పోను సుమారు 13 కిలోమీటర్లు. నెల్లిమర్లలో జూట్ మిల్లు, పక్కనే చంపావతి నది. రామతీర్థంలో రాముడి గుడి చూసి చాలామంది తిరిగి వచ్చేస్తారు. గురుభక్తులకొండ ఎక్కండి. పైన బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాల శిథిలాలున్నాయి. రాముడి తీర్థం ఎదుట బుద్ధుడి ఇటుకలు చూశాక, ఈ నేల ఎన్ని కాళ్ళు నడిచిన నేలో అర్థమవుతుంది. ఎండ ఎక్కకముందే దిగిపోవాలి, కొండరాయి తొందరగా కాలుతుంది.

సాయంత్రం ఊరు. కోట 1713లో కట్టినది. అక్కడి నుంచి గంటస్తంభం, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి చదురుగుడి, గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు అన్నీ ఒక చుట్టులో వస్తాయి. మహారాజా సంగీత కళాశాల ముందు సైకిలు ఆపి అయిదు నిమిషాలు ఊరికే నిలబడండి. 1919లో మొదలైన ఈ కళాశాలకు తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, ఘంటసాల చదివింది ఇక్కడే. లోపల ఎవరో సాధన చేస్తుంటే వినబడుతుంది. కారులో వెళ్ళేవారికి ఆ చప్పుడు అందదు.

ఒక రోజు ఎక్కువ ఉన్నవారు రాయగడ వైపు రైలెక్కి బొబ్బిలి వెళ్ళి రావచ్చు. పక్కనున్న గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చేస్తారు. మొత్తం ఒకే దుంగలోంచి చెక్కిన దాన్ని ఏకాండి వీణ అంటారు. చెక్క తొలుస్తున్నప్పుడు వచ్చే వాసన చాలా రోజులు గుర్తుంటుంది.

రెండవ రోజు: పొందూరు మీదుగా శ్రీకాకుళం

యాత్ర మొత్తంలో పొడవైన రోజు ఇదే, సుమారు 80 కిలోమీటర్లు. జాతీయ రహదారి 16 పట్టుకుంటే దూరం తగ్గుతుంది, కానీ లారీల పక్కన తలవంచుకుని తొక్కడానికి సెలవు పెట్టుకోవడం ఎందుకు? నెల్లిమర్ల, గుర్ల, గరివిడి మీదుగా చీపురుపల్లి చేరి, అక్కడి నుంచి దాదాపు రైలు మార్గం వెంటే పొందూరు వెళ్ళండి. రైలు మార్గం పక్కన ఉండడంలో ఒక ధైర్యం ఉంది. కాళ్ళు మొరాయిస్తే దగ్గరలో స్టేషను ఉంటుంది.

ఈ దారిలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో మీరు ఊహించని అడ్డంకి ఒకటి ఎదురవుతుంది. వరి కోశాక మడుల్లో వేసిన మినుము, పెసర అప్పుడే చేతికొస్తాయి. రైతులు ఆ చేనును తెచ్చి తారు రోడ్డు మీదే పరుస్తారు. వాహనాల చక్రాలు నూర్పిడి చేసిపెడతాయి. సైకిలుకు ఇది ప్రమాదం. ఎండిన తీగ గొలుసులో చుట్టుకుంటుంది, గింజల మీద టైరు జారుతుంది. దూరం నుంచి అంచున పెట్టిన రాళ్ళు కనబడగానే వేగం తగ్గించి, పక్క నుంచి వెళ్ళండి. దారి లేకపోతే దిగి నడిపించండి. కసురుకోవద్దు, అది వాళ్ళ ఏడాది కష్టం. దిగి నడిచిన ప్రతిసారీ మాకు మంచినీళ్ళు దొరికాయి.

పొందూరుకు పదకొండు లోపు చేరితే మధ్యాహ్నం విడిది అక్కడే. సన్నఖద్దరుకు పేరుపడ్డ ఊరు, గాంధీజీ మెచ్చిన బట్ట. కొండపత్తి గింజ మీది దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ళే దువ్వెన. దువ్విన దూదిని ఏకులుగా చుట్టి, మైల పట్టకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, రాట్నం మీద నూరవ నంబరు నూలు దాకా తీస్తారు. ఎక్కువగా ఇళ్ళల్లో ఆడవారు చేసే పని. తలుపు దగ్గర నిలబడి "అమ్మా, చూడవచ్చా?" అని అడిగితే కాదనరు. అడగకుండా ఫోను తీసి ముఖాల మీద పెట్టడం మాత్రం మర్యాద కాదు. అంగవస్త్రం కొనాలనుకుంటే ఖాదీ సంఘం దుకాణంలో కొనండి. ధర చూసి తల తిప్పుకునే ముందు, ఆ ఎముక దువ్వెనను ఒకసారి తలచుకోండి.

పొందూరు నుంచి చిలకపాలెం కూడలి, అక్కడి నుంచి ఎచ్చెర్ల, నాగావళి వంతెన, శ్రీకాకుళం. చివరి భాగం హైవే కనుక పొద్దు ఉండగానే దాటాలి.

మూడవ రోజు: సముద్రం వైపు చుట్టు

నా మటుకు నాకు యాత్రంతా ఒక ఎత్తు, ఈ రోజు ఒక ఎత్తు. సామాను శ్రీకాకుళంలోనే ఉంచండి. మొత్తం సుమారు 65 కిలోమీటర్లు.

ఊరిని ఆనుకునే అరసవల్లి. సూర్యనారాయణస్వామి గుడిని ఏడవ శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఆదివారాలు తప్పించండి. పొద్దు పొడిచే వేళ ఆదిత్యుడి గుడి ముందు ఉండడం బాగుంటుంది, ఆ తరువాత రోజంతా ఆయన మీ నెత్తి మీదే ఉంటాడు.

అక్కడి నుంచి కొబ్బరి చెట్లు, వరి మళ్ళ నడుమ సుమారు 12 కిలోమీటర్లు తొక్కితే శ్రీకూర్మం. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. ఎదుట శ్వేతపుష్కరిణి. లోపలి ప్రదక్షిణ మంటపంలో గోడల మీది పాత రంగుల బొమ్మలను తీరిగ్గా చూడండి. స్తంభాల మీద తెలుగులో, సంస్కృతంలో శాసనాలు వరుసగా ఉన్నాయి. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతున్నారు. వాటి నడక చూశాక, గంటకు 14 కిలోమీటర్లు వెళ్ళే మన వేగం మీద గౌరవం పెరుగుతుంది.

శ్రీకూర్మం నుంచి గార మీదుగా కళింగపట్నం. సరుగుడు తోటలు మొదలయ్యాయంటే సముద్రం దగ్గర పడినట్లే. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌసు, పొడవైన ఇసుక తీరం, వంశధార సముద్రంలో కలిసే చోటు. పదిన్నరకల్లా చేరి, భోజనం చేసి, సరుగుడు నీడలో పంచె పరిచి పడుకోండి. సైకిలును ఇసుకలోకి దింపవద్దు. ఉప్పు ఇసుక గొలుసులో దూరితే రెండు రోజులు కరకరమంటుంది. అలలు పైకి చిన్నగా కనబడినా లోపలి లాగుడు బలంగా ఉంటుంది. నదీ ముఖం దగ్గర మునగడం అసలే వద్దు.

మూడు గంటలకు లేచి శాలిహుండం వెళ్ళాలి. వంశధార దక్షిణపు గట్టున చిన్న కొండ. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దం నుంచి వందల ఏళ్ళు బౌద్ధులు నివసించిన చోటు. పైకి వెళ్ళేకొద్దీ ఇటుక స్తూపాలు, చైత్యాలు. దిగువ మ్యూజియంలో తార, మారీచి వంటి దేవతల విగ్రహాలున్నాయి. బౌద్ధం ఇక్కడ ఎన్ని రూపాలు మారిందో వాటిని చూస్తే తెలుస్తుంది. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చినవాడు గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడిన ఆ గిడుగే. ఆయన పేరు రేపు మళ్ళీ వస్తుంది. కొండ చివర నిలబడితే నది, పొలాలు, దూరంగా సముద్రపు గీత. ముప్పావు గంట కంటే ఎక్కువ కూర్చోనివ్వకండి మిమ్మల్ని మీరు. తిరుగు దారి సుమారు 22 కిలోమీటర్లు, అది గాలికి ఎదురు. యాత్రలో గాలికి కప్పం కట్టవలసిన పూట ఇదొక్కటే. ఒకరి వెనక ఒకరు తొక్కుతూ, ముందున్నవారు అలసిపోగానే స్థానాలు మార్చుకోండి. లైట్లు ముందుగానే వెలిగించండి.

నాలుగవ రోజు: శ్రీముఖలింగం

వంశధారను దాటడానికి హైవే తప్పదు. మడపం దగ్గర వంతెన, దాని వెనకే టోల్ గేటు. శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వరకు సుమారు 22 కిలోమీటర్లు. సర్వీసు రోడ్డు ఉన్నచోట దానిమీదే, లేనిచోట తెల్లగీతకు ఎడమన, ఒకరి వెనక ఒకరుగా. ఎదురు దిక్కులో వచ్చే బైకులను గమనిస్తూ ఉండాలి, మన హైవేల మీద ప్రమాదం ముందు నుంచే ఎక్కువగా వస్తుంది.

నరసన్నపేటలో గది తీసుకుని సామాను దించేసి, చల్లవానిపేట మీదుగా శ్రీముఖలింగం వెళ్ళండి, మరో 25 కిలోమీటర్లు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదే. ఇప్పుడొక పల్లెటూరు. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుడులు. శిఖరాలు భువనేశ్వర్ గుడులకు అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఇప్పచెట్టు మొదలే లింగమైందని స్థలపురాణం, మధుకమంటే ఇప్పే. మధుకేశ్వరుడి ద్వారబంధాల చెక్కడాలను ఉదయపు ఏటవాలు వెలుగులో చూడాలి, మధ్యాహ్నానికి నీడలు పోయి బొమ్మలు చదునుగా కనబడతాయి. ఊరి మొదట్లో ఒంటరిగా ఉన్న సోమేశ్వరుణ్ణి వెళ్ళేటప్పుడే చూసెయ్యండి.

ఇక్కడి శాసనాలు చదివి ఈ ఊరే కళింగనగరమని వాదించినవాడు కూడా గిడుగే. 1863 ఆగస్టు 29న ఆయన పుట్టిన పర్వతాలపేట ఈ చుట్టుపక్కలదే. ప్రతి ఏటా ఆ తేదీన తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. నిన్న కొండ మీద, ఇవాళ నది ఒడ్డున ఒకే మనిషి అడుగుజాడలు. ఇక్కడ బస దొరకడం కష్టం, సాయంత్రానికి నరసన్నపేట తిరిగి రావాలి.

అయిదు, ఆరు రోజులు: టెక్కలి, తేలినీలాపురం, పలాస

అయిదవ రోజు తేలిక. కోటబొమ్మాళి మీదుగా టెక్కలి, 28 కిలోమీటర్లు, గాలి వెనక. మధ్యాహ్నం నిద్రపోయి, ఎండ తగ్గాక తేలినీలాపురం వెళ్ళండి. గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు శీతాకాలానికి ముందే ఇక్కడికి చేరి, చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. ఊరివారు వీటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూస్తారు. మార్చి దాటితే తిరుగు ప్రయాణం కడతాయి. తేదీని మార్చి మొదటి సగంలో పెట్టుకోమనడానికి ఇదొక కారణం. దగ్గరలోనే నౌపడ ఉప్పుమడులు, ఆ నెలల్లో తెల్లని గుట్టలుగా కనబడతాయి.

ఆరవ రోజు ఉదయం పలాస, ఇది చివరి పరుగు. జీడిమామిడి తోటలు, జీడిపప్పు పరిశ్రమలు. ఇటు నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల నేల. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటలను నేలమట్టం చేసింది. కొన్నిచోట్ల పెద్ద చెట్ల మధ్య ఒకే ఈడు లేత మొక్కలు వరుసగా కనబడితే, ఆ రాత్రి తరువాత నాటినవని అనుకోవచ్చు.

తిండి, నీళ్ళు, ఎండ దెబ్బ

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు, దాహం వేయకముందే. ఉత్త నీళ్ళే తాగితే లాభం లేదు. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఒక సీసా ఉంచుకోండి, రెండూ గీసిన చెంచాతో. కొబ్బరి బొండాలు దారంతా దొరుకుతాయి. మా వైపు ఇళ్ళల్లో అడిగితే చోడి (రాగి) అంబలి, తరవాణి, చద్దన్నం ఇంకా కనబడతాయి. ఏ రంగు సీసా పానీయమూ వీటికి సాటి రాదు. ఉదయం తేలికగా ఇడ్లీలు, పదింటికి అసలు భోజనం. ఆవపెట్టిన పనసపొట్టు కూర దొరికితే వదలవద్దు. నూనె కారే బజ్జీలు, పూరీలు సాయంత్రానికి ఉంచండి, ఎండలో తొక్కుతుంటే అవి గొంతులోనే కూర్చుంటాయి. మందస కోవా మాత్రం ఏ వేళకైనా మంచిదే.

చెమట ఆగిపోవడం, మాట తడబడడం, ఒళ్ళు కాలిపోవడం కనబడితే అది ఎండ దెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడి గుడ్డలతో చల్లబరచి 108కి ఫోను చేయాలి. కుక్కలు వెంటపడితే పారిపోవద్దు. దిగి, సైకిలును మధ్యలో పెట్టుకుని నిలబడితే చాలావరకు అరిచి ఊరుకుంటాయి. కరిస్తే సబ్బు, ధారగా నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

ఇంకొకటి. "ఎంత దూరం బాబూ?" అని అడిగితే ఎవరైనా "దగ్గరే" అంటారు. అది కిలోమీటరు కావచ్చు, ఎనిమిది కావచ్చు. మిమ్మల్ని నిరుత్సాహపరచడం ఇష్టం లేక చెప్పే మాట అది. ముగ్గురిని అడిగి, పెద్ద అంకె నమ్మండి.

పలాసలో రైలెక్కడం

సైకిలును మీ టిక్కెట్టు మీద లగేజిగా బుక్ చేయవచ్చు. ముందు రోజే ఫోను చేసి గానీ, వెళ్ళి గానీ, ఏ రైలుకు లగేజి పెట్టె ఉందో పార్సిలు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, అన్ని లోకల్ రైళ్ళకూ అది ఉండదు. రైలుకు కనీసం గంట ముందు చేరాలి. హ్యాండిల్‌ను చట్రానికి సమాంతరంగా తిప్పి, పెడళ్ళు ఊడదీసి, గొలుసు వైపు అట్టముక్క కట్టి, గోనెతో చుట్టండి. పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను పెద్ద అక్షరాలతో రెండు చోట్ల రాయండి. లైట్లు, పంపు, సీసాలు తీసి చేతిసంచిలో వేసుకోండి. కొన్న జీడిపప్పు పొట్లం కూడా అందులోనే ఉంచండి. రెండవ ఏడాది బావమరిది దాన్ని సైకిలు సంచిలోనే వదిలేశాడు, విజయనగరంలో దించేసరికి సంచి ఉంది, పొట్లం లేదు.